నోట్‌బుక్ నిండకపోయినా ఏడాది వృథా కాదు



బడి తెరిచి నెల దాటింది. జూన్ 12 ఉదయం గేటు దగ్గర వినిపించిన ఏడుపుల్లో సగం ఇప్పుడు లేవు. మిగతా సగం ఇంకా ఉన్నాయి. ఆయమ్మ చంకనెక్కి వెనక్కి చూస్తూ అరిచే పిల్లలూ, గేటు బయట కొంగుతో కళ్లు ఒత్తుకునే అమ్మలూ, బండి స్టార్ట్ చేయకుండా ప్రహరీ పక్కనే నిలబడిపోయే నాన్నలూ రోజూ కనబడుతూనే ఉన్నారు.

నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలతో నాకు 18 ఏళ్ల అనుభవం. మొదటి ఏడాది ఎలా ఉంటుందో కొత్త తల్లిదండ్రులకు చెప్పమని ఈ నెల తెలుగు పేజీ నాకు అప్పగించారు. చెబుతాను. దాంతోపాటు, మీకూ మాకూ మధ్య ఎవరూ పైకి అనని ఒక మాట కూడా చెబుతాను. కొందరికి నచ్చకపోవచ్చు. చివరిదాకా చదివి అప్పుడు కోప్పడండి.

ఏడుపు ఎన్నాళ్లు?

ఎక్కువమంది పిల్లలు మీరు కనుమరుగైన పది నిమిషాల్లో సర్దుకుంటారు. కొందరికి రెండు వారాలు పడుతుంది, కొందరికి రెండు నెలలు. ఇంకో రకం పిల్లలున్నారు. మొదటి వారమంతా నవ్వుతూ వచ్చి, మూడో వారంలో మొదలుపెడతారు. బడి అంటే ఏదో పెళ్లికి వెళ్లొచ్చినట్టు నాలుగు రోజుల ముచ్చట అనుకున్నవాళ్లకి, ఇది రోజూ ఉంటుందని అప్పుడు అర్థమవుతుంది. బడిలో ఏదో జరిగిందేమోనని కంగారు పడి ఆ వారంలో ఫోన్ చేసే తల్లిదండ్రులు ఏటా ఉంటారు. ఫోన్ చేయండి, తప్పు లేదు. కానీ ఇది మామూలే.

దసరా సెలవులు అయ్యాక మళ్లీ ఏడుపు వస్తుంది. సంక్రాంతికి అమ్మమ్మ ఊరు వెళ్లొచ్చాక ఇంకోసారి వస్తుంది. జూన్ నుంచి పడిన పాట్లన్నీ గంగలో కలిశాయనుకోకండి. రెండోసారి ఏడుపు మొదటిసారంత కాలం ఉండదు.

మీరు చేయగలిగినవి రెండే. చాటుగా జారుకోకండి. ఒకసారి అలా మాయమైతే, ఇంట్లో మీరు వంటింట్లోకి వెళ్లినా పిల్ల వెంటపడుతుంది. ఒక ముద్దు, ఒక టాటా, వెనక్కి తిరగకుండా వెళ్లిపోవడం. రెండోది, "సాయంత్రం వస్తాను" అనకండి. మూడేళ్ల పిల్లకి సాయంత్రం ఎంత దూరమో తెలియదు. "అన్నం తింటావు, టీచర్ కథ చెబుతుంది, తర్వాత తాతయ్య వస్తాడు" అంటే తెలుస్తుంది. చెప్పిన మనిషే రావాలి, చెప్పిన వేళకే రావాలి.

బడిలో బంగారంలా ఉన్న పిల్ల ఇంటికి రాగానే చెప్పు విసిరేసి, నీళ్లు ఒలకబోసి, తమ్ముణ్ని గిల్లి ఏడిపిస్తే ఆశ్చర్యపోకండి. ఇరవైమందికి పైగా పిల్లల మధ్య పొద్దుటి నుంచీ బుద్ధిగా కూర్చోవడానికి తనకున్న శక్తంతా ఖర్చయిపోయింది. మిగిలిన అలసటంతా మీ ముందే బయటపెడుతుంది, మీరు తనను వదిలిపెట్టరని తెలుసు కాబట్టి. ఆ గంటలో ప్రశ్నలు వద్దు. ఏదైనా తినడానికి పెట్టి, కాసేపు ఊరికే వదిలేయండి.

నిద్ర మాట కూడా చెప్పాలి. మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. టీవీ, ఫోన్ అన్నీ కలిపి గంట దాటకూడదని కూడా చెప్పింది. మన ఇళ్లలో నాన్న ఆఫీసు నుంచి వచ్చేసరికే తొమ్మిది. భోజనాలయ్యేసరికి పది. ఏడుంపావుకి బస్సు. ఈ లెక్కలో పిల్లకు నిద్ర ఎక్కడ మిగులుతుంది? పొద్దున బస్సు దగ్గర ఏడుపు చాలాసార్లు బడి మీద అయిష్టం వల్ల రాదు. నిద్ర చాలక వస్తుంది.

జ్వరాల ఏడాది

మొదటి ఏడాది పిల్లలకు జబ్బులు ఎక్కువ. ఈ వయసులో ఏడాదికి ఆరు నుంచి ఎనిమిదిసార్లు జలుబు చేయడం మామూలే. వానాకాలంలో చేతుల మీద, కాళ్ల మీద, నోట్లో పొక్కులు వచ్చే జబ్బు కూడా ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. బడిలో శుభ్రత లేదని మీకు అనుమానం రావచ్చు. బాత్రూములు చూపించమని అడగండి, చూపిస్తాం. కానీ ఎంత శుభ్రంగా ఉన్నా, ఒకే బొమ్మను పదిమంది నోట్లో పెట్టుకునే వయసు ఇది. రెండో ఏడాదికి ఇది చాలావరకు తగ్గుతుంది.

పొద్దున జ్వరం మందు వేసి బస్సెక్కిస్తే 11 గంటలకల్లా మళ్లీ ఒళ్లు కాలిపోతుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు, సెలవు దొరకదు, నాకు తెలుసు. నేనూ అలా పంపినదాన్నే. అందుకే ఇప్పుడే, పిల్ల బాగున్నప్పుడే, ఆ రోజు వస్తే ఎవరు ఇంట్లో ఉంటారో మాట్లాడుకోండి. ప్రతిసారీ అమ్మే సెలవు పెట్టాలని ఎక్కడా రాసి లేదు.

మా వైపు నుంచి ఒక మాట. హాజరు నూటికి నూరు ఉన్న పిల్లలకు ఏటా సర్టిఫికెట్ ఇస్తుంటాం. నర్సరీ, ఎల్‌కేజీల్లో దాన్ని ఎత్తేయాలన్నది నా అభిప్రాయం. జ్వరంతో వచ్చిన పిల్లకు బహుమతి ఇచ్చి, ఆ జ్వరం అంటుకుని ఇంట్లో ఉన్న పిల్లకు ఇవ్వకపోవడం ఏం న్యాయం?

"పాస్ వస్తోంది టీచర్"

కొన్నేళ్ల కిందట ఎల్‌కేజీలో ఒక బాబు ఉండేవాడు. చురుకైనవాడు. రెండు వారాలు వరసగా నిక్కరు తడుపుకున్నాడు. ఇంట్లో ఆ ఇబ్బందే లేదట. ఓ రోజు పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగితే చెప్పాడు. "అమ్మ ఇంగ్లీష్‌లోనే అడగమంది. నాకు అది మొత్తం గుర్తు రావట్లేదు." మే ఐ గో టు ద టాయిలెట్ అనే వాక్యం గుర్తుకొచ్చేలోపు పనైపోయేది.

ఆ అమ్మది తప్పని ఎలా అంటాను? "ఇంట్లో కూడా ఇంగ్లీష్‌లో మాట్లాడండి" అని మీటింగుల్లో మేం చెప్పినవాళ్లమే. ఆ సలహా ఇచ్చినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఆ రోజు నుంచి మా క్లాసుల్లో ఒకటే నియమం పెట్టుకున్నాం. "పాస్ వస్తోంది" అన్నా సరే, నిక్కరు పట్టుకుని నిలబడినా సరే, ముందు తీసుకెళ్లాలి.

మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అదే మాట్లాడండి. తెలుగో, ఉర్దూయో, హిందీయో, లంబాడీయో. మీరు ఇంగ్లీష్ మీడియం కోసమే మా దగ్గర చేర్చారు. అది నేర్పడం మా పని, నేర్పుతాం. జరిగిన సంగతిని సొంత మాటల్లో మొదటి నుంచి చివరిదాకా చెప్పడం ఒక భాషలో వచ్చిన పిల్లకి ఇంకో భాషలో కూడా వస్తుంది. ఏ భాషలోనూ అలవాటు కాని పిల్లకి "యాపిల్, రెడ్ కలర్" దగ్గర మాట ఆగిపోతుంది. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఈ వయసు పిల్లలకు ఇంటి భాషే మొదటి ఆధారమని చెప్పింది.

ఒక ఇంట్లో నాయనమ్మ మనవడికి ముద్ద పెడుతూ "ఈట్ నాన్నా, ఈట్" అంటుంటే విన్నాను. నాకు నవ్వొచ్చింది, వెంటనే బాధేసింది. ఆమె దగ్గర ఎన్ని కథలున్నాయో! అవన్నీ ఆ ఒక్క ముక్క దగ్గర ఆగిపోయాయి.

మొదటి కొన్ని నెలలు క్లాసులో నోరు విప్పని పిల్లలూ ఉంటారు. వింటూ ఉంటారు, చూస్తూ ఉంటారు. ఏ దీపావళి తర్వాతో ఒక రోజు రైమ్ మొత్తం చేతులూపుతూ పాడేస్తారు. అప్పటిదాకా "చెప్పు, ఆంటీకి చెప్పు" అని చుట్టాల ముందు నిలబెట్టకండి.

ఇక నోట్‌బుక్ సంగతి

పైకి అనని మాట అన్నాను కదా, ఇదే.

మీరు కట్టే ఫీజు చిన్న మొత్తం కాదు. కొందరు చీటీ పాడి కడతారు, కొందరు బంగారం తాకట్టు పెట్టి కడతారు. డబ్బు కట్టినవాళ్లు లెక్క అడుగుతారు, అది న్యాయమే. బట్టల కొట్టువాడైతే గుడ్డ చూపిస్తాడు. మేం ఏం చూపించాలి? మీ పిల్ల ఈ రోజు మొదటిసారి తన బొమ్మ ఇంకో పిల్లకి ఇచ్చిందని చూపించడం ఎలా? తెల్లకాగితం మీద అది రాదు. అందుకే నోట్‌బుక్ చూపిస్తాం. పేజీలు నిండితే మీకు ఫీజు గిట్టుబాటైనట్టు ఉంటుంది, మాకు పని చేసినట్టు ఉంటుంది.

పేరెంట్స్ మీటింగ్‌కి వారం ముందు, టీచర్లు పిల్లల చేతులు పట్టుకుని మిగిలిన పేజీలు నింపించడం నేను చూశాను. నేనూ చేయించాను. ఆ పేజీలు తిప్పి మీరు సంతోషించారు. మీ సంతోషం చూసి మేం ఊపిరి పీల్చుకున్నాం. పిల్లకు చెయ్యి నొప్పి మిగిలింది.

టీచర్‌గా చేరిన తొలి రోజుల్లో నా కొడుకు వేరే బడిలో ఎల్‌కేజీ చదివేవాడు. ఒక రోజు డైరీలో "రైటింగ్ ఇంప్రూవ్ చేయించండి" అని రాసి పంపారు. ఆ ఒక్క వాక్యం చూసి నాకు అన్నం సహించలేదు. టీచర్ కొడుకే వెనకబడితే నలుగురూ ఏమనుకుంటారు? రోజూ రాత్రి రెండు పేజీలు రాయించాను. తప్పు పోతే చెరిపి మళ్లీ రాయించాను. కొన్నాళ్లకి ఆదివారం సాయంత్రమయ్యేసరికి కడుపు నొప్పి అనేవాడు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పొట్ట నొక్కి చూసి, ఏమీ లేదని చెప్పి, "బడిలో నీకు ఏది ఇష్టంరా?" అని అడిగారు. వాడు ఆలోచించి "ఇంటి బెల్లు" అన్నాడు.

ఆ బడిని నేను తప్పుపట్టను. వాళ్లు ఒక వాక్యం రాశారు. రెండు పేజీల శిక్ష నేను వేసింది. వాడి చేతిరాత తర్వాత దానంతట అదే కుదురుకుంది, నేను చెరిపించిన పేజీలు అందుకు ఏమీ సాయపడలేదు. ఆ ఆదివారం సాయంత్రాలు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

తర్వాత చదువుకుని తెలుసుకున్నది చెబుతాను. మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఇంకా ఎముకలుగా మారి ఉండవు. ఒక్కొక్కటిగా గట్టిపడుతూ, అన్నీ పూర్తయ్యేసరికి ఎనిమిది, తొమ్మిదేళ్లు దాటుతాయి. వేళ్ల కండరాల పట్టు కూడా మెల్లగానే వస్తుంది. పిండి పిసకడం, బఠానీలు ఒలవడం, చొక్కా గుండీ పెట్టుకోవడం, ఇసుకలో గీతలు గీయడం అన్నీ పెన్సిల్‌కి ముందు రావాల్సిన చదువే. అక్షరాభ్యాసం చేయించే ఇళ్లలో మన పెద్దలు ఏం చేశారో గుర్తు చేసుకోండి. ఒళ్లో కూర్చోబెట్టుకుని, పళ్లెంలో బియ్యం పోసి, వేలు పట్టి దిద్దించారు. తప్పు పోతే చేత్తో సర్దితే సరిపోయేది. మనం మర్నాడే పెన్సిల్ ఇచ్చి నాలుగు గీతల పుస్తకం ముందు పెడుతున్నాం.

ప్రభుత్వ విధానం కూడా ఇదే అంటోంది. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా చూసింది. ఆటపాటలతో సాగాల్సిన ఐదేళ్లు అవి. అదే ఏడాది వచ్చిన కేంద్రం స్కూల్ బ్యాగ్ విధానం ప్రీ ప్రైమరీ పిల్లలకు బ్యాగే వద్దంది. రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దంది. మరి మన పిల్లల వీపుల మీద ఆ బ్యాగులు ఎందుకున్నాయి? ఈ ప్రశ్న మీకు ఎంత చెందుతుందో మాకూ అంతే చెందుతుంది. టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా, ఒక జత బట్టలు పట్టే సంచి చాలు.

"మా ఎదురింటి పాప వేరే స్కూల్లో ఎల్‌కేజీకే గుణింతాలు రాస్తోంది. మావాడు ఒకటో తరగతిలో వెనకబడడా?" అని మీరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. నేను అక్షరాలు నేర్పవద్దనడం లేదు. శబ్దాలు, పాటలు, బొమ్మల పుస్తకాలు, తన పేరులో అక్షరాలు గుర్తుపట్టడం ఇవన్నీ ఈ ఏడాదే మొదలవుతాయి. కొందరు పిల్లలు వాళ్లంతట వాళ్లే రాయడానికి ముందుకొస్తారు, రాయనిద్దాం. నేను వద్దంటున్నది చెయ్యి పట్టి నింపించే పేజీలను, నాలుగేళ్ల పిల్లకు సాయంత్రం ట్యూషన్‌ను. గుణింతం ఏడాది ముందు వచ్చిందా, వెనక వచ్చిందా అన్నది నాలుగో తరగతికి వచ్చేసరికి ఎవరికీ గుర్తుండదు. చదువంటే భయం పట్టుకుంటే మాత్రం అది నాలుగో తరగతిలోనూ కనిపిస్తుంది. ఆ క్లాసు టీచర్లు నాతో చెప్పే మాట ఇదే.

మీరు మమ్మల్ని ఏం అడగాలి?

మీరు దేని లెక్క అడిగితే మేం దాని మీదే శ్రద్ధ పెడతాం. ఏ బడైనా అంతే. కాబట్టి వచ్చే మీటింగ్‌లో నోట్‌బుక్ కంటే ముందు ఇవి అడగండి. రోజుకు ఎంతసేపు బయట ఆడిస్తున్నారు? క్లాసులో ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు? బాత్రూముకి ఎవరు తీసుకెళ్తారు? బస్సులో పక్కన ఎవరుంటారు? మా పిల్ల ఎవరితో ఆడుతోంది? ఏడిస్తే ఎవరు ఎత్తుకుంటారు? ఈ వారం ఏ కథ చెప్పారు? తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన టీచర్‌కి మీ పిల్ల తెలిసినట్టే. మేం తడబడితే గట్టిగా అడగండి. మీరు కట్టిన ఫీజుకు అడగాల్సిన అసలు లెక్క అది.

ఇంట్లో పిల్లను అడిగే ప్రశ్న కూడా మార్చండి. "ఈ రోజు ఏం రాశావు?" బదులు "ఎవరి పక్కన కూర్చున్నావు? ఎవరు నవ్వించారు? నీ చపాతీ ఎవరికైనా పెట్టావా?" అని అడిగి చూడండి. క్లాసు వాట్సాప్ గ్రూపులో వేరే పిల్ల రాసిన పేజీ ఫోటో వస్తే చూసి వదిలేయండి, మీ పిల్లకు చూపించకండి.

ఎప్పుడు కంగారు పడాలి?

అన్నీ మామూలే అని చెప్పి పంపేయడం కూడా సరికాదు. రెండు నెలలు దాటినా ఏడుపు కొంచెం కూడా తగ్గకపోతే, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలై ఆగకపోతే, ఒక మనిషి పేరు చెప్పినా, బస్సు పేరెత్తినా వణికిపోతుంటే, ఒంటి మీద దెబ్బ కనిపిస్తే, ఆ రోజే వచ్చి మాట్లాడండి. మాకు ఇబ్బందిగా ఉంటుందేమోనని ఆగకండి. మా జవాబు తృప్తిగా లేకపోతే పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ ఉంది. పేరు పెట్టి పిలిచినా పలకకపోవడం, టీవీకి అంటుకుని చూడడం, తన వయసు పిల్లల్లా మాటలు రాకపోవడం గమనిస్తే చెవి, కన్ను పరీక్ష చేయించండి, పిల్లల డాక్టర్‌కి చూపించండి. మేం గమనించినప్పుడు మీకు చెబితే "మా పిల్లకేంటి, బాగానే ఉంది" అని లేచి వెళ్లిపోకండి. ముందుగా తెలిస్తే సాయం చేయడం సులువు.

ఏప్రిల్‌లో ఏం చూస్తారు?

ఏడాది చివరికి మీ పిల్ల చెప్పులు తనే వేసుకుంటుంది, అప్పుడప్పుడూ కుడిది ఎడమకి. డబ్బా మూత తనే తీసుకుంటుంది. "నా వంతు వచ్చేదాకా ఆగాలి" అని మీకే పాఠం చెబుతుంది. ఒక స్నేహితురాలి పేరు రోజుకు ఇరవైసార్లు వినిపిస్తుంది. కింద పడ్డ పిల్ల దగ్గరికి పరుగెత్తి "నొప్పా?" అని అడుగుతుంది. ఇంకో పిల్లకి తన అమ్మ వెళ్లిపోయినా మళ్లీ వస్తుందని ధైర్యం చెబుతుంది.

అప్పటికి నోట్‌బుక్‌లో కొన్ని పేజీలు ఖాళీగా ఉండొచ్చు. వచ్చే మీటింగ్ నుంచి మా విభాగంలో చెయ్యి పట్టి నింపించిన పేజీ ఒక్కటి కూడా మీ ముందు పెట్టం. మా టీచర్లతో కూర్చుని ఈ నిర్ణయం తీసుకున్నాం. ఖాళీ పేజీ కనిపిస్తే టీచర్ పని చేయలేదనుకోకండి. ఆ గంటలో మీ పిల్ల ఏం చేసిందో అడగండి. మేం జవాబు సిద్ధంగా ఉంచుకుంటాం.